టెస్టోస్టిరోనా, డీహెచ్‌ఈఏనా? అడ్రినల్ గ్రంథుల పరంగా ఏది మేలు?

అరవై దాటిన మగవాళ్ళు, అంతకంటే ఎక్కువగా వాళ్ళ పిల్లలు, ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది: "టెస్టోస్టిరోన్ వాడితే వృషణాలు పని మానేస్తాయంటారు కదా, అడ్రినల్ గ్రంథులూ అలాగే మూలపడతాయా? దానికంటే డీహెచ్‌ఈఏ మాత్రలు నయమా?"

టెస్టోస్టిరోన్ ప్రధానంగా వృషణాల్లో తయారయ్యే మగ హార్మోన్. అడ్రినల్స్ మూత్రపిండాల మీద ఉండే చిన్న గ్రంథులు. డీహెచ్‌ఈఏ వాటి హార్మోన్లలో ఒకటి. ఏ గ్రంథికి ఆదేశం ఎక్కడి నుంచి వెళుతోందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. వృషణాలను నడిపేది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్. బయటి నుంచి టెస్టోస్టిరోన్ అందితే ఈ ఎల్‌హెచ్ తగ్గిపోతుంది. వృషణాలు కుంచించుకుపోయేది, వీర్యకణాలు పడిపోయేది అందుకే. అడ్రినల్స్‌ను నడిపేది పిట్యూటరీ నుంచే వచ్చే మరో హార్మోన్, ఏసీటీహెచ్. దాన్ని అదుపులో పెట్టేది రక్తంలోని కార్టిసాల్, అంటే ఒత్తిడిని తట్టుకోవడానికి అడ్రినల్స్ విడుదల చేసే హార్మోన్. టెస్టోస్టిరోన్ ఆ దారిని మూసేయదు, కాబట్టి అడ్రినల్స్ మూలపడవు. అలాగని ప్రభావం బొత్తిగా లేదనలేం. టెస్టోస్టిరోన్ ఇచ్చినప్పుడు అడ్రినల్స్ అదే ప్రేరణకు కాస్త తక్కువ కార్టిసాల్ విడుదల చేసినట్టు మగవాళ్ళపై చేసిన ఒక చిన్న ప్రయోగంలో కనిపించింది. కార్టిసాల్‌ను రక్తంలో మోసే ప్రోటీన్ కూడా కొద్దిగా తగ్గవచ్చు. అందుకని కార్టిసాల్ పరీక్ష రాసే డాక్టరుకు ఈ మందు వాడుతున్న సంగతి తప్పకుండా చెప్పండి.

ఇక డీహెచ్‌ఈఏ. ఇది అడ్రినల్స్ తయారుచేసేదే. ఇరవైల్లో శిఖరానికి చేరి, 70–80 ఏళ్ళకు ఐదో వంతుకో పదో వంతుకో పడిపోతుంది. కార్టిసాల్ అలా పడిపోదు. అంటే గ్రంథి మొత్తం అలసిపోలేదు, డీహెచ్‌ఈఏ తయారుచేసే లోపలి పొర ఒక్కటే సన్నబడింది. మాత్ర మింగితే అడ్రినల్స్‌కు విశ్రాంతి దొరుకుతుందన్న మాట నేను ఒప్పుకోను. ఏసీటీహెచ్ డీహెచ్‌ఈఏ మోతాదును చూసి పెరగదు, తగ్గదు. 2006లో వచ్చిన రెండేళ్ళ అధ్యయనంలో వృద్ధులకు డీహెచ్‌ఈఏ ఇచ్చినా బలం, ఇన్సులిన్ పనితీరు, జీవన నాణ్యత మెరుగుపడలేదు. తక్కువ మోతాదు టెస్టోస్టిరోన్ తీసుకున్న మగవాళ్ళకూ కండ కొద్దిగా పెరిగింది తప్ప పెద్దగా ఒరిగింది లేదు.

అయినా, ఉదయం చేసిన రెండు రక్తపరీక్షల్లోనూ టెస్టోస్టిరోన్ లోపం రుజువై, లక్షణాలూ ఉంటే నేను టెస్టోస్టిరోన్ వైపే మొగ్గుతాను. 65 దాటిన 790 మంది మగవాళ్ళపై చేసిన టెస్టోస్టిరోన్ ప్రయోగాల్లో లైంగిక ఆరోగ్యం ఓ మాదిరిగా మెరుగైంది, నీరసం మాత్రం అంతగా తగ్గలేదు. 2023లో వచ్చిన మరో టెస్టోస్టిరోన్ ప్రయోగంలో 5,200 మందికి పైగా మగవాళ్ళను గమనిస్తే గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే మందు ఆపాల్సిందే.

'అడ్రినల్ సపోర్ట్' పేరుతో వచ్చే పొడుల గురించి చెప్పడానికేమీ లేదు, వదిలేయండి.

నాకు అసలు టెన్షన్ ఇంకోచోట ఉంది. మా పెదనాన్న ఏళ్ళ తరబడి ఆస్తమాకు ప్రెడ్నిసొలోన్ (కార్టిసాల్‌లా పనిచేసి ఏసీటీహెచ్‌ను అణిచేసే స్టెరాయిడ్ మందు) వాడి, ఉన్నట్టుండి మానేశారు. తర్వాత విపరీతమైన నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం. టెస్టోస్టిరోన్ తక్కువేమో అనుకున్నాం. నిజంగానే కాస్త తక్కువే ఉంది. కానీ పొద్దున 8 గంటలకు తీసిన రక్తంలో కార్టిసాల్ మరీ అడుగంటింది. ముందు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు. టెస్టోస్టిరోన్ సంగతి ఆరు నెలలయ్యాక మళ్ళీ పరీక్ష చేసి చూద్దామన్నారు డాక్టరుగారు.