నాన్న ప్రెస్సు అచ్చులతో బొమ్మ చేయించాం: చెన్నైలో ఒక మిక్స్‌డ్ మీడియా ఆర్టిస్టు పనితనం గురించి

ముందే చెప్పేస్తా, ఇది "ఫొటోలు పంపండి, కాన్వాస్ మీద కోల్లాజ్ చేసి ఇంటికి పంపుతాం" రకం సర్వీసు కాదు. అలాంటివి కావాలంటే ఆన్‌లైన్‌లో బోలెడు, ఒకటి రెండు వేలలో అయిపోతుంది, వారంలో గుమ్మం ముందుకొస్తుంది. ఇక్కడ మాకు 32 వేలయింది, నెలలో ఇస్తానన్న పని సంక్రాంతి దాటాక చేతికొచ్చింది, మధ్యలో నాన్నకీ ఈ బొమ్మ చేసిన ఆర్టిస్టుకీ ఒక అక్షరం మీద పెద్ద పంచాయితీ కూడా జరిగింది. అయినా మళ్ళీ ఇస్తావా అంటే ఇస్తాను.

నాన్నకి ట్రిప్లికేన్‌లో చిన్న ప్రెస్సు ఉండేది. ఒక ట్రెడిల్ (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం), గోడల వెంబడి టైపు, అంటే సీసంతో పోసిన అక్షరాల అచ్చులు, పెట్టుకునే కేసులు, వాటిని పేర్చే ఇద్దరు కంపోజిటర్లు, అంతే. చందమామ 1947లో పుట్టింది ఈ ఊళ్ళోనే, వావిళ్ళ వారి పుస్తకాలు అచ్చయిందీ ఇక్కడే, ఆ పెద్దవాళ్ళ లెక్క వేరు. నాన్న వేసింది శుభలేఖలు, కరపత్రాలు, తెలుగు సంఘాల సావనీర్లు. ఆఫ్‌సెట్, డీటీపీ (కంప్యూటరు మీద పేజీలు పేర్చడం) వచ్చాక ట్రెడిల్ తూకానికి పోయింది. మిగిలింది ఒక కేసు సీసం అచ్చులు, ఒక కట్ట ప్రూఫు కాగితాలు (తప్పులు దిద్దడానికి ముందుగా తీసే ప్రతులు), ఆయన తన పెళ్ళికి తానే కంపోజ్ చేసుకున్న శుభలేఖ. ఇవన్నీ ఏళ్ళ తరబడి మంచం కింద ఉండేవి. అమ్మ ఎప్పుడూ పాత సామాన్ల వాడికి వేసెయ్యమనేది, నాన్న ఊరుకునేవారు.

ఆర్టిస్టు పేరు ఇక్కడ రాయట్లేదు, ఉన్న ఆర్డర్లే చాలు, పేరు పెట్టొద్దంది. నిజంగా కావాలనుకునేవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, ఆవిడని అడిగి చెప్తా. స్టూడియో ఇంజంబాక్కం వైపు, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) నుంచి సముద్రం పక్కకి తిరిగే సందులో ఒక ఇంటి మేడ మీద. కారు పెట్టడానికి జాగా లేదు, బండి మీద వెళ్ళడం మంచిది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆర్డరే తీసుకోలేదు. "ముందు చోళమండలం వెళ్ళి పణిక్కర్ బొమ్మలు చూసి రండి, నచ్చితే మాట్లాడుకుందాం" అంది. ఇదేం షరతు అనిపించింది కానీ దగ్గరే కదా అని వెళ్ళాం. చోళమండలం 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు, సాటి కళాకారులు కలిసి స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు, ఇప్పుడు అందులో మ్యూజియం కూడా ఉంది. ఆయన 1963 నుంచి వేసిన 'వర్డ్స్ అండ్ సింబల్స్' వరసలో బొమ్మ నిండా రాతే ఉంటుంది, మలయాళంలా కనిపిస్తుంది, జాతకచక్రాల్లాంటి గడులుంటాయి, లెక్కలుంటాయి, కూర్చుని చదువుదామంటే మాత్రం ఏమీ చదవలేం. నాన్న ఒక్కోదాని ముందు ఆగి కళ్ళజోడు సర్దుకుని అక్షరాలు కూడబలుక్కోవడానికి చూశారు. చివరికి "ఇది ప్రూఫు దిద్దని ఫారం లాగుంది" అన్నారు, ఫారం అంటే అచ్చుకి పేర్చిన పేజీలు. షరతు ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది. అక్షరం కనిపించగానే చదివెయ్యాలనుకునేవాళ్ళకి ఆవిడ పని నచ్చదు, ఆ సంగతి డబ్బు తీసుకోకముందే తేల్చుకోవాలనుకుంది.

ఆవిడది తెలుగు ఇల్లే. తరాల కిందట వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం, చదువంతా తమిళం, ఇంగ్లీషు. "మాట్లాడను వస్తుంది, చదవను రాదు" అంది, మద్రాసులో పెరిగిన చాలామంది తెలుగువాళ్ళ లాగే. వాళ్ళవ్వ రాసిన చిట్టా పుస్తకం ఒకటి ఇంట్లో ఉండేదట, పాలు, వెలక్కాయలు, చాకలి పద్దు, అన్నీ తెలుగులో. అవ్వ పోయాక అది తెరిచి చూస్తే ఒక్క అక్షరం తెలియలేదు. ఎవరితోనైనా చదివించుకోవచ్చు కదా అన్నాను. "చదివిస్తే పాల లెక్క అని తెలిసిపోతుంది, అంతటితో అయిపోతుంది" అంది. ట్రేసింగ్ కాగితం పెట్టి ఆ రాతని గీసుకుంటూ, దాని మీద రంగు, గుడ్డ, ఇంకో కాగితం వేసుకుంటూ పోయిందట, మిక్స్‌డ్ మీడియాలోకి అలా వచ్చింది. ఈ మాట చాలామంది ఆర్టిస్టులు చెప్పే కథలాగే మొదలైంది కానీ వెంటనే ఇంకోటి కూడా చెప్పింది, నాకు అదే ఎక్కువ నచ్చింది: ఆర్డర్లు తీసుకునేది డబ్బు కోసమే, ఆ డబ్బుతోనే ఎవరూ అడగని సొంత బొమ్మలు వేసుకుంటుంది. చోళమండలం వాళ్ళు కూడా బాతిక్ గుడ్డలూ అవీ చేసి అమ్ముకునే తమ బొమ్మలు తాము వేసుకున్నారు, అందులో సిగ్గేముంది అంది.

ఇక అసలు పని. మేమనుకున్నది సీసం అచ్చులు బోర్డుకి అతికించి ఫ్రేము కట్టేస్తుందని. ఆవిడ కేసు తెరిచి, అచ్చుల మీద అక్కడక్కడా పట్టిన తెల్లటి పొడి చూపించి, ఒప్పుకోనంది. టైపు అంటే సీసం, ఆంటిమొని, తగరం కలిసిన లోహం. చెక్క నుంచి, ప్లైవుడ్ నుంచి, చివరికి మనం వాడే తెల్ల జిగురు నుంచి కూడా ఎసిటిక్ ఆమ్లం ఆవిరి వస్తుందట, అది సీసాన్ని తినేస్తే పొడి రాలుతుంది. గాజు ఫ్రేములో మూసేస్తే ఆ ఆవిరి బయటికి పోయే దారి ఉండదు, పైగా ఆ పొడి విషం. చేతికి గ్లవుజులు లేకుండా ముట్టుకోనివ్వలేదు, మా పిల్లాడిని ఆ గది గడప దాటనివ్వలేదు. నాన్న మాత్రం "నలభై ఏళ్ళు ఈ చేత్తో పట్టుకునే ఇడ్లీ తిన్నాను" అని గొణిగారు.

అచ్చులు అతికించలేం కాబట్టి వాటి ముద్ర తీద్దాం అంది. బోర్డు మీద జెసో (రంగుల కింద ముందుగా వేసే తెల్ల పూత) పూసి, పలచటి మల్లు గుడ్డ పరిచి, ఆ పైన మోడలింగ్ పేస్టు (ఆక్రిలిక్‌లో పాలరాతి పొడి కలిపింది) పరిచి, అది సగం ఆరాక టైపుకి టాల్కం పౌడరు అద్ది ఒక్కొక్కటీ నొక్కాలి. టైపు మీద అక్షరం అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది, పేస్టులో సరిగ్గా దిగుతుంది. మరీ పచ్చిగా ఉన్నప్పుడు నొక్కితే పేస్టు టైపుతో పాటు లేచి వచ్చేస్తుంది, ఆరిపోయాక నొక్కితే గీత కూడా పడదు. ఆ మధ్య సమయం ఎంతో గడియారం చెప్పదు, గాలి చెప్పాలి. మేం ఆర్డరిచ్చింది అక్టోబరులో. ఈశాన్య రుతుపవనాలు, సముద్రం పక్క ఇల్లు, ఒకరోజు గంటలో ఆరేది మర్నాడు సాయంత్రానికి కూడా ఆరేది కాదు. గోడకి వరసగా ట్రయల్ ముక్కలు, ఒక్కోదాని కింద పెన్సిలుతో తేదీ, ఎన్ని నిమిషాలకి నొక్కింది, ఫ్యాన్ ఉందా లేదా. ముందు మట్టితో చేసిన ముక్కలు కుంచించుకుపోయి బీటలిచ్చాయి, వాటినీ పారెయ్యలేదు, అవీ గోడ మీదే. ఆలస్యం ఎందుకో ఆ గోడ చూస్తే తెలుస్తుంది. అయితే ఆ ముక్క ఫోన్‌లో ముందే చెప్పొచ్చు కదా, వాట్సాప్ మెసేజ్‌కి నాలుగు రోజులకి ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటే ఇక్కడ మనకి టెన్షన్ కాదా.

ప్రూఫు కాగితాల విషయంలోనూ ఇంతే శ్రద్ధ. న్యూస్‌ప్రింటులో లిగ్నిన్ ఉంటుంది, వెలుతురికి పచ్చబడి పెళుసెక్కిపోతుంది, కాబట్టి అసలువి స్కాన్ చేసి పిగ్మెంట్ ఇంకుతో కాటన్ కాగితం మీద ప్రింటు తీసి అవే వాడింది. అసలు కట్ట మాకు తిరిగిచ్చేసింది. ప్రెస్సు ఇంకు నూనెది, దాని మీద ఆక్రిలిక్ పట్టదు, ఊడిపోతుంది, అందుకని నల్ల ఇంకు అన్నిటికంటే చివర్న రోలరుతో పట్టించి గుడ్డతో తుడిచేసింది. పైన పోయి గుంటల్లో నిలిచింది, అక్షరాలు అప్పుడు బయటపడ్డాయి. అప్పటిదాకా ఆ బోర్డు చూస్తే పాత గోడ పెచ్చులా ఉంది, నేను లోపల్లోపల డబ్బు పోయిందనే అనుకున్నా.

పంచాయితీ వచ్చింది ఇక్కడే. నాన్న కుర్చీ లాక్కుని కూర్చుని మొత్తం ప్రూఫు దిద్దడం మొదలుపెట్టారు. ఒక 'య' తలకిందులైంది, ఒక చోట ఒత్తు అక్షరానికి దూరంగా పడింది, 'క్ష' పక్కకి ఒరిగింది. "ఇది నా ప్రెస్సు పేరుతో ఇంట్లో పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు" అన్నారు. ఆవిడ శాంతంగా "అంకుల్, మీకది తప్పు, నాకది నడుం వంచుకుని కూర్చున్న మనిషి" అంది. అరగంట సేపు ఇద్దరూ తగ్గలేదు. చివరికి రాజీ ఏమిటంటే శుభలేఖలో పేర్లున్న వరస మాత్రం ఒక్క దీర్ఘం కూడా పోకుండా నాన్న చెప్పినట్టే ఉండాలి, దానికి ఆయనే స్టిక్కు (అచ్చులు వరసగా పేర్చుకునే చేతి పట్టీ) పట్టుకుని కంపోజ్ చేసి ఇస్తారు, మిగతాదంతా ఆవిడ ఇష్టం. ఆయన చెయ్యి వణుకుతున్నా వరస మాత్రం వంకర పోలేదు. అచ్చు వరస మొత్తం ఒకేసారి నొక్కడం ఆవిడకి కొత్త, ఎంత బలం పెట్టాలో నాన్నే చెప్పారు. తలకిందుల 'య' అలాగే ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళకి దాన్ని ఆయనే మొదట చూపిస్తున్నారు, ఇంకా ఒప్పుకోలేదనుకోండి.

ఇక డబ్బు సంగతి. 24 అంగుళాలు బై 30, సగం అడ్వాన్సు. సామానుకి, గంటల లెక్కకి చూస్తే ఎక్కువే. కానీ గోడ మీది ఆ పనికిరాని ముక్కల ఖర్చు కూడా మనమే ఇస్తున్నాం, అది తెలిసి ఇస్తే బాధ ఉండదు. ముందుగా డిజైన్ చూపించదు, అరచేతి సైజు పెన్సిలు గీతలు తప్ప. సోఫా రంగుకి నప్పేట్టు కావాలనేవాళ్ళు వెళ్ళకండి, ఇద్దరికీ తలనొప్పి.

లోటు అని చెప్పాల్సింది ఫ్రేము. అది ఆవిడ చెయ్యదు, బయట షాపుకి పంపుతుంది. ఆ షాపువాడు గాజుని బొమ్మకి తగిలేట్టు బిగించేశాడు, పేస్టు ఎత్తుగా ఉన్న చోట అంటుకుంది. మళ్ళీ విప్పించి మధ్యలో స్పేసరు పెట్టించేసరికి ఇంకో పది రోజులు, ఆ ఖర్చు మాత్రం ఆవిడే పెట్టుకుంది. ఎలా చూసుకోవాలో కాగితం మీద రాసివ్వలేదు, నోటితో చెప్పింది: ఎండ తగలొద్దు, బయటి గోడకి వద్దు (వానాకాలంలో చెమ్మకి బూజు పడుతుంది), తడి గుడ్డ పెట్టొద్దు. బిల్లు అడిగితేనే ఇచ్చింది.

పేస్టు పని ఉన్న ఆర్డరైతే మార్చి తర్వాత ఇవ్వండి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వద్దు. అచ్చులు కాకుండా చీరలు, ఉత్తరాలు ఇచ్చేవాళ్ళకి ఏ లెక్క చెప్తుందో అడిగి తెలుసుకోండి, అసలువి తిరిగిస్తుందా కత్తిరిస్తుందా అన్నది మాత్రం అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి.