మంగళవారం మూసిన గేటు, బుధవారం కనిపించిన మహేశ్వరుడు

ముందు చైనాలో ట్రిప్ ఏజెంటుకి కట్టిన ఆ 1,600 యువాన్ల సంగతి చెప్పనివ్వండి. మన డబ్బులో పంతొమ్మిది వేల పైమాటే. ఆ అంకె ఎత్తితే మా బావగారు ఇప్పటికీ మొహం పక్కకి తిప్పుకుంటారు. ఏజెంటుని ఆన్‌లైన్‌లో వెతికి పట్టింది ఆయనే మరి.

బావగారు అంటే మా ఆవిడ అన్నయ్య, బ్యాంకులో రిటైరయ్యారు. సికింద్రాబాద్ ఎంజీ రోడ్డులో పార్సీల అగ్ని గుడి ఉంది కదా, దాని ముందు నుంచి ఏళ్ల తరబడి ఆఫీసుకి వెళ్లొచ్చిన మనిషి. పార్సీలు కానివాళ్లకి లోపలికి ప్రవేశం ఉండదు. గేటు దగ్గరే ఆగిపోయిన ఆ కుతూహలం రిటైరయ్యాక బయటపడింది. చైనాలో కూడా ఒకప్పుడు అగ్నిని కొలిచేవాళ్లు ఉండేవాళ్లని ఎక్కడో చదివారు. పార్సీల పూర్వీకులు ఇరాన్ నుంచి గుజరాత్ తీరానికి చేరారు. వీళ్లు మాత్రం మధ్య ఆసియాలోని సమర్‌కంద్, బుఖారా వైపు నుంచి ఒంటెల మీద సరుకేసుకుని ఎడారి దాటి వెళ్లిన సొగ్దియన్ వ్యాపారులు. "బావా, షియాన్ వెళ్దామా?" అని అడిగితే నేను సరేనన్నాను. మా ఆవిడ కూరగాయలు తప్ప ముట్టదు, ఆమె మాత్రం వెంటనే సరే అనలేదు.

ఏజెంటు అమ్మిన ప్యాకేజీ ఒక రోజుది. కారు, ఇంగ్లీషు వచ్చిన గైడు, శాకాహార భోజనం, షియాన్ మ్యూజియంలో సొగ్దియన్ సమాధి, ఒక "పర్షియన్ గుడి". ముగ్గురికీ కలిపి 1,600. తేదీ కూడా ఆయనే పెట్టాడు, మంగళవారం.

షియాన్ మ్యూజియానికి మంగళవారం సెలవు. ప్రతి మంగళవారం సెలవే. గేటు ముందు దిగాక గైడు మాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయినట్టు నటించాడు. సరే, పర్షియన్ గుడికైనా తీసుకెళ్లమంటే ఒక మసీదు దగ్గర ఆపాడు. మసీదు చూడచక్కగా ఉంది, దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. కానీ మేం అడిగింది అది కాదు. "పర్షియావాళ్లు ముస్లిములే కదా" అన్నాడు. బావగారు పదిహేను వందల ఏళ్ల వెనక్కి వెళ్లి వివరించబోతే, అతను తలూపుతూనే కారుని జేడ్ రాళ్ల షాపుకి తిప్పాడు. అక్కడ గంటా ఇరవై నిమిషాలు. మా ఆవిడ షాపు గుమ్మం పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం ఎలాంటిదో పెళ్లైనవాళ్లకి తెలుస్తుంది. భోజనంలో వచ్చిన శాకాహారం ఏమిటంటే, ఆకుకూర వేపుడులోంచి పంది మాంసం ముక్కలు ఏరేసి తెచ్చిన ప్లేటు. ఒక ముక్క ఏరడం మర్చిపోయారు కూడా.

బుధవారం మేమే వెళ్లాం. మెట్రో రెండో లైనులో నాన్‌షావ్‌మెన్ స్టేషన్‌లో దిగి నడిస్తే చిన్న గూస్ పగోడా, ఆ ఆవరణలోనే మ్యూజియం. మనిషికి రెండు మూడు యువాన్ల మెట్రో ఛార్జీ తప్ప పైసా ఖర్చు లేదు. పాస్‌పోర్ట్ చూపిస్తే ప్రవేశం ఉచితం. నిన్నటి డబ్బు గుర్తొచ్చి ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ రాతి పెట్టె ముందు మేం రెండు గంటలు నిలబడ్డాం. పెట్టె అంటున్నాను గానీ అది చైనా ఇల్లులా పెంకుల కప్పు, స్తంభాలు, తలుపుతో చెక్కిన రాతి ఇల్లు, పొడవు రెండున్నర మీటర్లకి కొంచెం తక్కువ. 2003లో షియాన్ శివార్లలో తవ్వకాల్లో దొరికింది. యజమాని 579లో చనిపోయాడు, వయసు 86. నెల రోజులకే భార్య కూడా పోయింది. 580లో కొడుకులు ఇద్దరినీ కలిపి ఇందులో పెట్టారు. తలుపు పైన రెండు భాషల్లో రాసి ఉంది, ఒక పక్క సొగ్దియన్, ఒక పక్క చైనీస్. సొగ్దియన్‌లో పేరు విర్కాక్. చైనీస్‌లో షి జున్, అంటే షి గారు అన్నట్టు. ఇంటిపేరుని బట్టి ఊరు తెలిసేది వాళ్లకి. షి అంటే కేశ్ నగరం, ఆన్ అంటే బుఖారా, కాంగ్ అంటే సమర్‌కంద్.

ఆయన ఉద్యోగం పేరు 'సాబావ్'. ఊళ్లో ఉన్న సొగ్దియన్లందరికీ పెద్ద, వాళ్ల గుళ్ల బాధ్యతా ఆయనదే, పైగా చైనా ప్రభుత్వం ఇచ్చిన హోదా. ఆ మాట ఎక్కడిదో తెలుసుకున్నాక బావగారి మూడ్ మారిపోయింది. సొగ్దియన్‌లో 'సార్త్‌పావ్', దాని వెనక మన సంస్కృతం 'సార్థవాహుడు', బిడారు నాయకుడు. మనం చిన్నప్పుడు కథల్లో చదువుకున్న సార్థవాహుడే అక్కడ తహసీల్దారులాంటి వాడైపోయాడన్నమాట.

తలుపుకి రెండు వైపులా కిటికీల కింద సగం మనిషి, సగం పక్షిలా ఉన్న పూజారులు. ముందు అగ్నిపీఠం, ముక్కూ నోరూ కప్పేలా గుడ్డ. ఊపిరి తగిలి నిప్పు మైలపడకూడదని కట్టుకునే ఈ గుడ్డని పార్సీ పూజారులు ఇప్పటికీ కట్టుకుంటారు. తూర్పు గోడ చూస్తుంటే మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. అక్కడ ఒక వంతెన. దంపతులు ముందు నడుస్తుంటే వెనక ఒంటెలు, గుర్రాలు. కింద నీళ్లలో నోళ్లు తెరిచిన జంతువులు. వంతెన మొదట్లో రెండు కుక్కలు. అది చిన్వత్ వంతెన. మంచివాళ్లకి వెడల్పవుతుంది, చెడ్డవాళ్లకి కత్తి అంచంత అవుతుంది. "ఇది వైతరణి కదండీ! కుక్కలు కూడా యముడివే," అంది. మ్యూజియం బోర్డు మీద ఆ ముక్క లేదు గానీ తను అన్నది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. యముడి వాకిట్లో రెండు కుక్కల సంగతి ఋగ్వేదంలోనే ఉంది, పాత ఇరానీ, పాత భారతీయ నమ్మకాలు దాయాదులు.

వంతెన పైన ఒక దేవుడు. చేతిలో త్రిశూలం, కింద మూడు ఎద్దులు. ఎవరని చెప్పాలి? సొగ్దియన్లు అతన్ని వేష్‌పర్కర్ అన్నారు, ఇరానీయుల వాయుదేవుడు. సొగ్దియాలో అప్పటికే శివుడి రూపం తొడుక్కున్నాడు. చైనావాళ్లు వీళ్ల దేవుణ్ణి 'షియెన్' అన్నారు. 801లో పూర్తయిన తోంగ్ ద్యెన్ అనే గ్రంథంలో, షియెన్ అంటే బౌద్ధ గ్రంథాల్లో మహేశ్వరుడని చెప్పేవాడే అని రాశారు. అంటే ఇరాన్ దేవుణ్ణి చైనావాళ్లు మన దేవుడి పేరుతో అర్థం చేసుకున్నారు. ఇది తెలిశాక నాకు నిన్నటి జేడ్ షాపు మీద కోపం సగం తగ్గింది. సగమే.

మార్పు ఎంత దూరం పోయిందో చూడండి. అసలు ఆచారం ప్రకారం శవాన్ని మట్టిలో పెట్టకూడదు, నిప్పులో వెయ్యకూడదు, పక్షులకి వదలాలి. ఇక్కడ చైనా పద్ధతిలో భూమి లోతున సమాధి గది కట్టారు, కానీ ఎముకలకి మట్టి తగలకుండా రాతి ఇల్లు, రాతి మంచం పెట్టారు. అదే 579లో పోయిన ఆన్ జియా అనే మరో సాబావ్ సమాధి 2000లో బయటపడింది. దాని తలుపు పైన అగ్నిపీఠాన్ని మూడు ఒంటెలు వీపుల మీద మోస్తుంటాయి, ఒంటెల కింద తామర పువ్వు. తామర బౌద్ధుల నుంచి వచ్చి ఉండాలి, ఒంటెలు మాత్రం వీళ్ల సొంత సొమ్మే. ఇది నేను ఫొటోల్లోనే చూశాను. షియాన్‌లోనే ఉన్న షాన్షీ చరిత్ర మ్యూజియం టికెట్లు ఉచితమే గానీ చాలా ముందు నుంచి ఫోన్‌లో బుక్ చేసుకోవాలి, మాకు దొరకలేదు. వెళ్లేవాళ్లు ఆ పని మాత్రం ఇంటి దగ్గరే కూర్చుని చేసుకోండి.

మధ్యాహ్నం పశ్చిమ బజారు ఉన్నచోట కట్టిన మ్యూజియం చూశాం. టాంగ్ రాజుల కాలంలో షియానే రాజధాని. అప్పుడు ఇక్కడ నాలుగైదు షియెన్ గుళ్లు ఉండేవి, ఎక్కువ ఈ బజారు చుట్టుపక్కలే. 621లో కట్టినది కూడా వాటిలో ఉంది. గుళ్లు నడపడానికి ప్రభుత్వమే సిబ్బందిని పెట్టి, చైనా జనం మాత్రం అక్కడ పూజ చెయ్యకూడదంది. 845లో చక్రవర్తి వూజోంగ్ బౌద్ధ మఠాలతోపాటు వీటినీ మూయించి, పూజారులని వేలల్లో సంసారాల్లోకి తోలేశాడు. అయినా అంతా ఒక్కరోజులో ఆరిపోలేదు. 874లో చనిపోయిన ఒక ఇరవై ఆరేళ్ల అమ్మాయి సమాధి రాయి 1955లో షియాన్‌లో దొరికింది. దాని మీద చైనీస్‌తో పాటు పహ్లవీ, అంటే పాత ఇరాన్ భాష. గుళ్లు మూశాక ముప్పై ఏళ్లకి కూడా ఆ అక్షరాలు రాయగలిగినవాళ్లు ఉన్నారు.

మిగిలింది ఒక్క కట్టడం, అదీ షియాన్‌లో కాదు. జియెషియు అనే ఊళ్లో 'షియెన్ దేవుడి మిద్దె' ఉంది. హైస్పీడ్ రైల్లో మూడు గంటల లోపే చేరాం. ప్రయాణంలో చెప్పుకోవడానికేమీ లేదు, అంత హాయిగా సాగింది.

హోటల్ దగ్గర మళ్లీ పాట్లు. రెండు గదులు, ఒక్కోటి 168 యువాన్లు, డబ్బు ముందే కట్టేశాం. రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్తే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పాస్‌పోర్టులు తిరగేసి, ఫోన్‌లో అనువాదం చూపించింది: "విదేశీ అతిథులను మేము నమోదు చేయలేము." డబ్బు వెనక్కిమ్మంటే యాప్ వాళ్లని అడగమంది. నలభై నిమిషాలు. మా ఆవిడ సూట్‌కేస్ మీద కూర్చుంది, బావగారు వారంటీ కార్డు చదివినట్టు బుకింగ్ రూల్స్ చదువుతున్నారు. చివరికి ఆ అమ్మాయే భయపడి పోలీసుకి ఫోన్ చేసింది. నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

వచ్చింది పాతికేళ్ల కుర్రాడు. పాస్‌పోర్టులు చూసి, "ఇందూ?" అని నవ్వి, తన కారులోనే ఇంకో హోటల్‌కి తీసుకెళ్లాడు. గది 258. ఎదురుగా మూసేస్తున్న నూడుల్స్ కొట్టు వాళ్లని ఆపి, మాంసం వద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఆ కొట్టామె పిండి ముద్ద భుజానికి ఆనించి పట్టుకుని, కత్తితో సర్రు సర్రున చెక్కి మరిగే నీళ్లలోకి ఎగరేసింది. పైన వంకాయ కూర, గిన్నె 14 యువాన్లు. ప్రతి బల్ల మీదా నల్లటి వెనిగర్ కూజా. మా ఆవిడ దాన్ని చింతపండు పులుసులా ఒంపుకుంది. తర్వాత పచ్చగా చిక్కటి జావ ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. ఒక గుక్క తాగి, "కొర్రల జావండీ!" అంది మా ఆవిడ. నిజంగా కొర్రలే. ఈ ట్రిప్‌లో ఆమె రెండోసారి అడిగి తిన్న భోజనం అదొక్కటే.

పొద్దున్నే టాక్సీ డ్రైవర్‌కి మిద్దె పేరు చూపిస్తే 'యావ్' అని చదివాడు, అంటే దయ్యం. షియెన్ అక్షరంలో దేవుడి గుర్తు పక్కన ఆకాశం ఉంటుంది. ఒక్క గీత వాలిందంటే దయ్యమైపోతుంది. జనం మర్చిపోయిన మతం కదా, అక్షరం కూడా మర్చిపోయారు. మిద్దె మాత్రం వీధి మీదే నిలబడి ఉంది, కింద దారి, పైన అంతస్తుల మీద అంతస్తులు, పచ్చా పసుపూ మెరుగు పెంకులు. మొదట కట్టింది సోంగ్ రాజుల కాలంలో అంటారు, ఇప్పుడున్నది మింగ్, చింగ్ కాలాల్లో మళ్లీ కట్టినది. మింగ్ కాలంలోనే దీన్ని ముగ్గురు ప్రమాణ సోదరుల గుడిగా మార్చేశారు. చూరు కింద కొయ్యలో చెక్కిన జంతువుల తలల్లో అగ్ని మతం ఆనవాళ్లు ఉన్నాయని కొందరు పండితులు, అదేం కాదని కొందరు. నాకు కుక్క తల కనిపించింది. బావగారు ఒంటె అన్నారు. దాని మీద అరగంట వాదన.

ఇంటికొచ్చాక బావగారు ఏజెంటుకి ఒక స్టార్ ఇచ్చి, మంగళవారం కథంతా రాశారు. రెండు రోజులకి జవాబొచ్చింది: మ్యూజియం సెలవులకి మేం బాధ్యులం కాదు, మీ తర్వాతి యాత్రకి పది శాతం తగ్గింపు ఇస్తాం. బావగారు దానికి తెలుగులో జవాబు రాశారు. అది ఇక్కడ రాయలేను.