చిన్న వేదికల పాటకు పెద్ద గిడ్డంగి: లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ సేవపై సమీక్ష

తమ పాటను తామే రాసుకుని, తామే బాణీ కట్టుకుని పాడే గాయకులను చిన్న వేదికల మీద రికార్డు చేయడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. ఒక గిటారు, ఒక గొంతు, యాభై అరవై కుర్చీలు, వెనక మూలన గొంతునూ గిటారునూ కలిపి స్పీకర్లకు పంపే ఒక చిన్న మిక్సర్, అంతకు మించి అక్కడ ఏమీ ఉండదు. స్టూడియోలో స్థిరపడిపోయిన పాట అక్కడికి వచ్చేసరికి మళ్లీ కదులుతుంది. ఒక చరణం పోయి ఇంకొకటి వస్తుంది, నడక నెమ్మదిస్తుంది, పాట పుట్టిన సందర్భాన్ని గాయకులే రెండు మాటల్లో చెబుతారు. ఆ రాత్రి దాన్ని పట్టుకున్నవారు లేకపోతే ఆ రూపం మళ్లీ దొరకదు. పట్టుకోవడం ఒక ఎత్తు అయితే, పాతికేళ్ల తర్వాత వినేవారికి కూడా అర్థమయ్యేలా దాచి, అందరికీ అందేలా ఉంచడం మరో ఎత్తు. ఈ రెండో పని కోసం నేను వాడుతున్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భాగంగా నడిచే లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్. రికార్డు చేసి ఎక్కించే మనిషిగానూ, వినే మనిషిగానూ దాన్ని గురించి రాస్తున్నాను.

ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996లో బ్రూస్టర్ కాల్ స్థాపించిన లాభాపేక్ష లేని సంస్థ. కచేరీల రికార్డింగులను నాణ్యత తగ్గకుండా పంచుకునే ఈట్రీ అనే ఔత్సాహికుల బృందంతో కలిసి అది 2002లో ఈ విభాగాన్ని మొదలుపెట్టింది. అప్పటిదాకా టేపులను తపాలాలో ఇచ్చిపుచ్చుకున్న వారి పద్ధతులూ, మర్యాదలూ ఈ సేవలోకి చెక్కుచెదరకుండా వచ్చాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బృందం 1984లోనే తమ కచేరీల్లో రికార్డు చేసుకునేవారికి విడిగా స్థలం కేటాయించింది. రికార్డు చేయనివ్వాలి గానీ దాన్ని అమ్మకూడదన్న నియమం ఆ కాలం నుంచీ వస్తున్నదే. ఈ రోజు ఇక్కడ రెండు లక్షలకు పైగా కచేరీలున్నాయి. పెద్ద బృందాల పేర్లే ముందు కనిపిస్తాయి కాబట్టి ఇది వారి కోసమే అనుకునే ప్రమాదం ఉంది. కానీ ఎలియట్ స్మిత్, వారెన్ జెవోన్, ది మౌంటెన్ గోట్స్ వంటి పాటల రచయితల కచేరీలు విన్నప్పుడు, ఈ గిడ్డంగి వల్ల ఎక్కువ మేలు జరిగేది ఒంటరిగా పాడేవారికేనని నాకు అనిపించింది. పెద్ద బృందాన్ని రికార్డు చేసేవారు ఒక్కో రాత్రి పదిమంది ఉంటారు. చిన్న హాలులో ఒక్కరుంటే గొప్ప.

ఈ సేవలో నాకు మొదట నచ్చినది అనుమతి దగ్గర అది చూపే పట్టుదల. గాయకులు ముందుగా ఒప్పుకుంటే తప్ప వారి పేరుతో ఇక్కడ విభాగం తెరవరు. అనుమతి లేని గాయకుల రికార్డింగు మీ దగ్గర ఉంటే, మీరే వారికి రాసి, వారిచ్చిన లిఖితపూర్వకమైన సమ్మతిని నిర్వాహకులకు పంపాలి. చాలామంది గాయకుల పేజీలో వారి షరతులు కూడా కనిపిస్తాయి. ప్రేక్షకుల మధ్య నుంచి చేసినవి పెట్టవచ్చు, మిక్సర్ నుంచి తీసినవి వద్దు అనేవారున్నారు. మార్కెట్లో విడుదలైన రికార్డింగులకు ఇక్కడ చోటు లేదు. ఇదంతా ఆలస్యమనిపించవచ్చు గానీ, నా వరకు ఆ ఉత్తరం రాయడమే గాయకులతో నిజమైన సంభాషణకు మొదలయింది. పాట మీద రెండు రకాల హక్కులుంటాయి. రచనకూ బాణీకీ ఒకటి, ఆ ధ్వనిముద్రణకు మరొకటి. తన పాటే తాను పాడే గాయకుల విషయంలో మనం అడగవలసిన మనిషి తరచుగా ఒక్కరే కాబట్టి, ఒక ఉత్తరంతో చాలా చిక్కులు తీరుతాయి. ప్రచురణ సంస్థతో ఒప్పందం ఉన్నవారికీ, ఇతరుల పాటలు పాడినప్పుడూ మాత్రం అంత సులువు కాదు. దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం నాకు ఒక వీడియో సేవలో ఎదురైంది. గాయని స్వయంగా కోరి పెట్టించిన పాటను, ఆమె ఆల్బమ్‌తో పోలి ఉందని యంత్రమే గుర్తించి ఆపేసింది. అది ఆమె పాటేనని చెప్పడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది.

రెండోది, నేను అన్నిటికంటే ఎక్కువగా విలువ ఇచ్చేది, ప్రతి రికార్డింగుతో పాటు ఉండే వివరాల పత్రం. తేదీ, వేదిక, ఊరు, పాటల క్రమం ఎలాగూ ఉంటాయి. వాటితో పాటు ఏ మైకులు వాడారు, వాటిని ఎక్కడ ఎంత ఎత్తున నిలబెట్టారు, ఏ రికార్డరులోకి తీశారు, తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌లో ఏం చేశారు, ఎవరు రికార్డు చేశారు, ఎవరు కంప్యూటరులోకి మార్చారు అన్నవన్నీ నమోదు చేయాలి. ఈ వరుసను అక్కడివారు వంశవృక్షంలా చూస్తారు. ఒకే కచేరీకి మూడు రికార్డింగులు ఉన్నప్పుడు ఏది దేని నుంచి వచ్చిందో ఈ పత్రమే చెబుతుంది. దీని విలువ నాకు తెలిసిరావడానికి నా పొరపాటే కారణం. మొదటి ఏడాది నా రికార్డరు బ్యాటరీ తీసినప్పుడల్లా గడియారం వెనక్కి పోయేది, నేను గమనించలేదు. ఒకే గాయకుడు ఒకే వేదిక మీద వరుసగా రెండు రాత్రులు పాడిన కచేరీల్లో ఏది మొదటిదో, ఏది రెండోదో ఈ రోజుకూ నేను నిర్ధారించలేను. అందులో ఒకదాంట్లో ఆయన ఒక పాటను తొలిసారి పాడుతున్నానని చెప్పారు. ఆ తేదీ ఆయనకు అవసరమైనప్పుడు నేను ఇవ్వలేకపోయాను. అప్పటి నుంచి రికార్డింగు మొదట్లోనే తేదీ, వేదిక, మైకుల అమరిక నోటితో చెప్పి, ఆ మాటలు కూడా మూల ఫైలులో ఉంచుతున్నాను.

మూడోది ఫైలు రూపం. నాణ్యత పోగొట్టే ఎంపీ3 నుంచి మళ్లీ తయారుచేసిన ఫైళ్లను ఇక్కడ తీసుకోరు. ఫ్లాక్ వంటి నష్టం లేని రూపంలోనే ఇవ్వాలి. 2001 నుంచి వాడుకలో ఉన్న ఫ్లాక్, అసలు ధ్వనిలో ఒక్క బిట్ కూడా పోకుండా ఫైలును దాదాపు సగానికి కుదిస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో రెండు చానళ్ల రికార్డింగు నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు. 90 నిమిషాల కచేరీ అంటే ఒకటిన్నర గిగాబైట్లు. ఫ్లాక్‌లోకి మారిస్తే అది మోయదగిన బరువే అవుతుంది. పైగా ఫ్లాక్ ఫైలులో మూల ధ్వనికి వేలిముద్ర లాంటి ఎండీ5 సంకేతం దాగి ఉంటుంది కాబట్టి, ఎన్ని చేతులు మారినా ఫైలు చెడిపోయిందా లేదా అన్నది పరీక్షించుకోవచ్చు. ఎంపీ3ను వినేవారి సౌకర్యం కోసం సేవే తయారు చేసుకుంటుంది.

ఇక్కడ రికార్డింగులను మిక్సర్ నుంచి తీసినవి, ప్రేక్షకుల మధ్య నుంచి తీసినవి, రెండూ కలిపినవి అని విడదీస్తారు. మిక్సర్ నుంచి తీసినదే ఎప్పుడూ మేలన్న నమ్మకం శ్రోతల్లో బలంగా ఉంది. చిన్న హాళ్ల విషయంలో ఆ నమ్మకాన్ని నేను ఒప్పుకోను. హాలులో ఏది చాలడం లేదో దాన్నే మిక్సర్ పెంచుతుంది. అందుకని గొంతు ముఖం మీదికి వచ్చినట్టు, గిటారు లోపల తీగల కంపనాన్ని పట్టే పికప్ నుంచి వచ్చే పొడి శబ్దం తీగ మీద గోరు గీసినట్టు వినిపిస్తుంది. గిటారు చెక్క నుంచి గదిలోకి వ్యాపించే నిండుతనం ఆ వైరులో ఉండదు. వేదికకు రెండు మూడు మీటర్ల దూరంలో, ఓఆర్‌టీఎఫ్ అనే స్టీరియో రికార్డింగు పద్ధతిలో 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో రెండు మైకులు నిలబెడితే ఆ నిండుతనం వస్తుంది, దానితో పాటు పక్కవారి దగ్గూ వస్తుంది. మిక్సర్ ధ్వనినీ మైకుల ధ్వనినీ కలపడం ఉత్తమమే గానీ ఓపిక కావాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, మైకులు పది మీటర్ల వెనక ఉంటే వాటిలోకి పాట మిక్సర్ కంటే 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాను సరిచేయాలి. రెండు వేర్వేరు రికార్డర్లు వాడితే వాటి గడియారాల మధ్య పది లక్షలకు పది వంతుల తేడా ఉన్నా, 90 నిమిషాల చివరికి అది 54 మిల్లీసెకన్లవుతుంది. మొదటి పాట బాగా కుదిరి, చివరి పాట మసకబారడానికి కారణం ఇదే. ఎక్కించే ముందు చివరి పాట విని తీరాలి. ఇలా కలిపిన రికార్డింగుల్లో ఎవరి పని ఎంత శ్రద్ధగా ఉందో వివరాల పత్రం చదివితే ముందే తెలిసిపోతుంది.

వినేవారికి సేవ చాలా ఉదారంగా ఉంటుంది. వినడానికి ఖాతా అక్కర్లేదు, పాట మధ్యలో ప్రకటనలు రావు, గాయకులు అనుమతించిన చోట మొత్తం కచేరీని దించుకోవచ్చు. సంవత్సరం వారీగా చూసుకుంటూ పోతే ఒక పాట ఐదారేళ్లలో ఎలా మారిందో వినవచ్చు. పాటలు రాసేవారికి ఇంతకంటే మంచి పాఠశాల నాకు తెలియదు. శ్రోతలు నక్షత్రాలతో పాటు రాసే అభిప్రాయాల్లో పొగడ్తల మధ్య పాటల క్రమంలోని తప్పులను దిద్దే మాటలు కూడా ఉంటాయి. వాటిని తప్పక చదవాలి.

లోటు లేదని కాదు. ఇది దాచే చోటే తప్ప ప్రచారం చేసే చోటు కాదు. ఎవరికీ పేరు తెలియని గాయకుడి కచేరీ ఇక్కడ పెట్టినంత మాత్రాన కొత్త శ్రోతలు రారు. వెతికి వచ్చేవారికే దొరుకుతుంది. రికార్డింగుల నాణ్యత ఎక్కించినవారి చేతిని బట్టి మారుతుంది. వీడియోలకు ఇది చోటు కాదు. ఒకసారి ఎక్కించిన కచేరీకి పెట్టిన గుర్తింపు పేరును తర్వాత మనంతట మనం మార్చుకోలేం కాబట్టి, గాయకుల పేరు, సంవత్సరం, నెల, తేదీ వరుసలో రూఢి అయిన పద్ధతినే మొదటిసారే సరిగ్గా పాటించాలి.

వీటన్నిటి కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం వేరే ఉంది. ఇచ్చిన అనుమతి మీద గాయకుల మనసు మారవచ్చు. 2005 నవంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీలను దించుకునే వీలు తీసేశారు. అభిమానుల నిరసన తర్వాత ప్రేక్షకుల మధ్య నుంచి చేసిన రికార్డింగులను దించుకోనిచ్చి, మిక్సర్ రికార్డింగులను అక్కడే వినడానికి పరిమితం చేశారు. శ్రోతలు బాధపడ్డారు గానీ, నిర్ణయం కళాకారులదిగానే మిగలడం నాకు న్యాయంగానే తోస్తుంది. చిన్న వేదిక మీద పాడేవారికి ఈ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే సగం రాసిన పాటను వారు అక్కడే పరీక్షిస్తారు. నలభై మందిని నమ్మి పాడిన పాట అది, లోకానికంతటికీ పాడినది కాదు. అందుకే మొత్తం కచేరీకి అనుమతి ఉన్నా, ఎక్కించే ముందు పాటల జాబితాను గాయకులకు పంపి, వారు వద్దన్నదాన్ని తీసేసి, అక్కడ ఒక పాట తీసేశానని వివరాల పత్రంలో రాస్తాను. సేవ తన నియమాల్లో ఈ అడుగును కూడా చేర్చితే బాగుంటుంది. ఒకసారి దించుకున్న ఫైళ్లను ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

2024 అక్టోబరులో జరిగిన సైబర్ దాడుల వల్ల ఇంటర్నెట్ ఆర్కైవ్ మొత్తం కొన్నాళ్లు మూతపడి, ఆ తర్వాత మొదట కొత్తవి ఎక్కించే వీలు లేకుండా, ఉన్నవి చూడడానికి మాత్రమే తెరుచుకుంది. కచేరీలు పోలేదు గానీ, ఆ రోజుల్లో నా దగ్గర రెండు డిస్కుల్లో ఉన్న మూల ఫైళ్లే నాకు ధైర్యం ఇచ్చాయి. అందుకే ఈ సేవను నిండు మనసుతో సిఫారసు చేస్తూనే ఒక క్రమాన్ని పాటించమంటాను. కచేరీ ముగిసిన వారంలోపు మొదటి ప్రతి గాయకులకు, రెండో ప్రతి మీ దగ్గర వేరే డిస్కులోకి వెళ్లాలి. గాయకులు విని సరేనన్న తర్వాతే మూడోది లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్‌లోకి ఎక్కాలి.