అల్యూమినియం పడవలో నీరు వదిలే రంధ్రానికి అతుకు: దీర్ఘకాల వాడకం తర్వాత

యానాం దిగువన, కోరింగ మడ అడవుల వైపు సాగే కాలువల్లో రొయ్యల చెరువులకు మేత చేరవేసే మా చిన్న అల్యూమినియం పడవకు, వెనుక పలక అడుగున నీరు వదిలే రంధ్రం చుట్టూ లోహం తెల్లటి పొడిగా రాలి, రంధ్రం కోలగా సాగి, రబ్బరు బిరడా ఎంత బిగించినా నీరు ఊరడం మొదలైంది. ఆ రంధ్రంలో పడవతో పాటే వచ్చిన ఇత్తడి గొట్టమే అందుకు కారణం. ఇత్తడి అంటే మన ఇళ్లలో ఎంత గౌరవమున్నా, ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తాకుతూ ఉంటే అది తాను నిలిచి పక్కదాన్ని కరిగిస్తుంది. వేసవిలో ధవళేశ్వరం నుంచి దిగువకు వచ్చే నీరు తగ్గి, పోటుతో ఉప్పు పైకి ఎక్కే నెలల్లో ఈ తినివేత మరీ వేగంగా సాగుతుంది.

తిన్న భాగాన్ని గట్టి లోహం తగిలే వరకు కోయించి, లోపలివైపు ఉప్పునీటిని బాగా తట్టుకునే 5052 రకం అల్యూమినియంతో చేసిన 3 మిల్లీమీటర్ల పలకను పాలియురెథేన్ సీలెంట్‌తో (నీరు చొరకుండా అతికే జిగురుతో) అతికించి, చివర మూసి ఉండే అల్యూమినియం రివెట్లతో బిగించాము. ఇత్తడికి బదులు నైలాన్ గొట్టం పెట్టాము. రుద్దడానికి ఇనుప బ్రష్ కాక స్టెయిన్‌లెస్ బ్రష్ వాడటం, సీలెంట్ గట్టిపడేందుకు పడవను దాదాపు వారం నీటికి దూరంగా ఉంచడం తప్పనిసరి. మేత బస్తాలు ఎదురుచూస్తుంటే ఈ రెండోదే కష్టం.

కొన్ని ఏళ్లుగా ఎండల్లోనూ వరదల్లోనూ నడిపాక, అతుకు పలక చుట్టూ చెమ్మ గానీ తెల్ల పొడి గానీ కనిపించలేదు. ఎపాక్సీ ముద్దతో పూడ్చిన పడవలను ఈ కాలువల్లో చూశాను. అడుగు రేకు అలలకు వంగిన ప్రతిసారీ ముద్ద అంచు లేస్తుంది కనుక, దానిని రేవుకు చేరే వరకు పనికివచ్చే ఉపాయంగానే లెక్కించాలి. వెల్డింగు నిస్సందేహంగా గట్టిదే. అయితే అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, దానిపై ఉండే ఆక్సైడ్ పొర 2,000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఏళ్ల తరబడి ఉప్పు పీల్చిన రేకును పూర్తిగా శుభ్రం చేయకుండా అతికితే అతుకు నిండా సన్నని బుడగలే మిగులుతాయి. వెనుక పలక లోపల చెక్క ఉన్న పడవలకైతే ఆ వేడి అసలే పనికిరాదు.

లోపం నైలాన్ గొట్టం అంచులో ఉంది: ఎండకు అది పెళుసుబారి సన్నగా పగులుతుంది. గొట్టాన్ని పలకకు వేరుగా చిన్న రివెట్లతో బిగించి ఉంచినందువల్ల, వాటిని డ్రిల్లుతో తీసి, పలకను కదపకుండానే గొట్టం ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.