ముందే మార్చాలా, పాడయ్యాక మార్చాలా? మూడు లక్షల కిలోమీటర్లు నడవాల్సిన బండికి ఏది మేలు?

ఇంటిల్లిపాదీ ఎక్కి తిరిగే ఎస్‌యూవీ రెండు లక్షల కిలోమీటర్లు దాటగానే సలహాలిచ్చేవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. "గడువైంది, మార్చేయ్" అనేది ఒక జట్టు. "బాగానే నడుస్తోందిగా, కెలకొద్దు" అనేది ఇంకో జట్టు. నా లెక్కలో ఇద్దరి మాటా సగం బండికే వర్తిస్తుంది. ఏ సగానికి ఎవరి మాట వినాలన్నదే అసలు పేచీ.

మొదటి జట్టుకు పెద్ద ఆయుధం టైమింగ్ బెల్ట్, అంటే ఇంజిన్‌లో పిస్టన్ల కదలికకూ వాల్వులు తెరుచుకోవడానికీ తాళం తప్పకుండా చూసే రబ్బరు పట్టీ. చాలా ఇంజిన్లలో దీనికి కంపెనీ పెట్టే గడువు సుమారు లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్లు, లేదంటే ఏడు నుంచి పదేళ్లు, ఏది ముందొస్తే అది. రబ్బరు కాబట్టి బండి షెడ్డులో ఊరికే ఉన్నా వయసు మీద పడుతూనే ఉంటుంది. తెగే ముందు చాలాసార్లు చప్పుడు చేయదు, డ్యాష్‌బోర్డు మీద లైటూ వెలగదు. తెగిన మరుక్షణం చాలా ఇంజిన్లలో పైకొస్తున్న పిస్టన్ తెరుచుకున్న వాల్వును గుద్దుతుంది. వాల్వులు వంగిపోతాయి, ఇంజిన్ పైభాగమైన హెడ్ దించాల్సిందే. ఇలాంటి చోట "నడుస్తోందిగా" అన్న మాట చెల్లదు. వాటర్ పంపు కూడా ఇదే బెల్టుతో తిరిగేదైతే పంపు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, పుల్లీలు కలిపి ఒకేసారి మార్చేయాలి. పాత పంపు ఏడాది తిరక్కుండా కారడం మొదలెడితే మళ్లీ అదే విప్పడం, మళ్లీ అదే కూలి.

బెల్టుకు బదులు లోహపు టైమింగ్ చైన్ ఉన్నవాళ్లు మాకీ గొడవ లేదని ధీమాగా ఉంటారు. చైన్‌కు సాధారణంగా గడువు రాయని మాట నిజమే. కానీ దాని ఆయుష్షు ఇంజిన్ ఆయిల్ చేతిలో ఉంది. ఆయిల్ మార్పులు దాటేస్తూ పోతే లింకుల పిన్నులు అరిగి చైన్ సాగుతుంది. అయితే ఇది చెప్పాపెట్టకుండా పోయే రకం కాదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని, ఆయిల్ ప్రెషర్ అందగానే ఆగిపోతే చైన్‌నీ టెన్షనర్‌నీ చూపించుకునే సమయం వచ్చినట్టే.

ఇక "కెలకొద్దు" జట్టును బద్ధకస్తులని కొట్టిపారేయడానికి లేదు. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు స్టాన్లీ నౌలాన్, హోవర్డ్ హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం విమానాల నిర్వహణ మీద ఒక నివేదిక రాశారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసు పెరిగేకొద్దీ పాడయ్యే తీరు కనబడినవి 11 శాతమే. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే ఎక్కువగా మొరాయించాయి, ఆ గండం గడిచాక స్థిరపడ్డాయి. విమానం వేరు, కారు వేరు. కారులో రాపిడికి అరిగేవి ఎక్కువ. అయినా, పాతది తీసి కొత్తది పెడితే నమ్మకం పెరిగినట్టేనన్న లెక్క ప్రతిచోటా కుదరదు. రెండు లక్షల కిలోమీటర్లు మాట పడకుండా పనిచేసిన కంపెనీ డైనమోను "ఎందుకైనా మంచిదని" తీసి, ఊరూపేరూ లేని కొత్తది బిగిస్తే రిస్కు పెరిగిందనే నేనంటాను. అరిగినవి బ్రష్‌లూ బేరింగులే అయితే అవే మార్పించి పాతదే వాడుకోవడం మేలు.

ఇగ్నిషన్ కాయిళ్లు, సెన్సర్లు, సెల్ఫ్ మోటారు కూడా ఈ కోవలోవే. కాయిల్ పోతే ఇంజిన్ ఒక సిలిండర్ మీద కుంటుతుంది, ఏది పోయిందో స్కానర్ చెబుతుంది, ఆ ఒక్కటి మార్చుకుంటే సరి. జాగ్రత్త ఒక్కటే. చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి మెరుస్తుంటే అలాగే తోలుకుంటూ పోకూడదు. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి దాన్నే మాడ్చేస్తుంది.

అందుకని ఏ భాగమైనా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. ఇది చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా? పోతూ పోతూ ఇంకేమైనా వెంట తీసుకుపోతుందా? చెప్పి, ఒంటరిగా పోయేదైతే పాడయ్యేదాకా ఆగొచ్చు. చెప్పకుండా, పక్కవాటిని లాక్కుని పోయేదైతే ముందే మార్చాలి.

ఈ రెండు ప్రశ్నల దగ్గరా ఘోరంగా ఓడిపోయేది కూలింగ్ సిస్టమ్. ఎక్కువ కిలోమీటర్ల బండ్ల ప్రాణం తీసేదీ తరచుగా ఇదే. రేడియేటర్ మధ్యభాగం అల్యూమినియం, రెండు చివర్ల ట్యాంకులు ప్లాస్టిక్. వేల సార్లు వేడెక్కి చల్లారిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ప్లాస్టిక్ అల్యూమినియంలోకి నొక్కి బిగించిన అంచు వెంబడి టార్చి వేసి చూడండి. నల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగితే పెళుసుబారినట్టే, అంచు మీద తెల్లగానో గులాబీగానో పొడి పేరుకుంటే అది కారి ఎండిన కూలెంట్ (ఇంజిన్ వేడిని లాగే ద్రవం). పై హోస్‌ను క్లిప్పు దగ్గర వేళ్లతో నొక్కండి. మెత్తగా దూదిలా దిగినా, లోపల కరకరలాడినా దాని పని అయిపోయింది. ఉష్ణోగ్రత ముల్లును నమ్ముకుంటే లాభం లేదు. చాలా బండ్లలో ఆ ముల్లు చిన్న చిన్న తేడాలను చూపకుండా నడుమనే నిలబడేలా అమర్చి ఉంటుంది. పైగా కూలెంట్ మొత్తం పోతే సెన్సర్ నీళ్లలో కాక ఆవిరిలో ఉంటుంది, అప్పుడది చెప్పే అంకెకు అర్థం లేదు. తెలిసేసరికి హెడ్ వంగి, గ్యాస్కెట్ పోయి ఉంటుంది. ఒక రబ్బరు గొట్టం ఇంజిన్‌ను మింగేసే దారి ఇదే. అందుకే రెండు లక్షల దరిదాపుల్లో రేడియేటర్, హోస్‌లు, థర్మోస్టాట్, మూత అన్నీ ఒకే దెబ్బకు మార్చించడం మీద నాకు రెండో ఆలోచన లేదు.

ద్రవాల విషయంలో "కెలకొద్దు" జట్టు మాట అసలు వినక్కర్లేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థానం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టాక ఉండాల్సిన కనీసం 155 మాత్రమే. నిండా జనంతో ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా పెడల్ కింద తెలుస్తుంది. రెండేళ్లకోసారి మార్చుకుంటే సరిపోతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఇంజిన్ శక్తిని ముందు వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, దాన్ని కుడి ఎడమ చక్రాలకు పంచే ముందు వెనక డిఫరెన్షియళ్ల ఆయిల్ కూడా ఉంటుందన్న సంగతి చాలామందికి గుర్తే ఉండదు.

సస్పెన్షన్‌కు కిలోమీటర్ల గడువు పెట్టి ప్రయోజనం లేదు, చూసి తేల్చుకోవడమే. బుష్‌లు, షాకులు, స్టెబిలైజర్ లింకులు చప్పుడు చేసి మరీ పోతాయి. చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింటును మాత్రం వాటితో కలపొద్దు. అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, కాబట్టి కొంచెం వదులుగా ఊగినా మార్చాల్సిందే. ముందు చక్రం లోపలివైపు రిమ్ మీద నల్లటి గ్రీజు చిమ్మినట్టు చారలుంటే యాక్సిల్ జాయింటును కప్పే రబ్బరు తొడుగు, అంటే బూటు చిరిగిందని అర్థం. ఆ వారమే బూటు వేయిస్తే జాయింటు దక్కుతుంది. టకటకమనే దాకా ఆగితే బూటుతో పోయేది కాదు.

రెండు జట్లూ నిజంగా తలపడేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ దగ్గర. కొన్ని మాన్యువళ్లలో "లైఫ్‌టైమ్" అని రాసి ఉంటుంది. ఎవరి లైఫో రాయరు. ఎన్నో కంపెనీలకు గేర్‌బాక్సులు తయారుచేసిచ్చే జడ్‌ఎఫ్ మాత్రం తన ఆటోమేటిక్‌లకు 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిల్ మార్చమంటోంది. నేను గేర్‌బాక్స్ చేసినవాళ్ల మాటే వింటాను.

చిక్కంతా ఇంతవరకూ ఎప్పుడూ మార్చని బండితో. సర్వీసు చరిత్ర లేకుండా రెండున్నర లక్షల కిలోమీటర్లకు చేతికొచ్చిన బండిలో ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోతుందని భయపెట్టేవాళ్లున్నారు. చాలావరకు అప్పటికే జారుతున్న గేర్‌బాక్సుకు చివరి నిమిషంలో ఆయిల్ మార్చి, నింద ఆయిల్ మీద వేసిన కథలే అవి. గేర్లు జారుతూ, ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడుతుంటే కొత్త ఆయిల్ దాన్ని బతికించదు, ఆ ఖర్చు రిపేరుకు దాచుకోవాలి. గేర్లు శుభ్రంగా పడుతుంటే మార్చడమే మేలు. మెషిన్ పెట్టి ఒత్తిడితో కడగనివ్వకుండా, కింది నట్టు విప్పి కారినంత వదిలేసి, కంపెనీ చెప్పిన రకమే పోసి, లెవెల్‌ను మాన్యువల్ చెప్పిన వేడి దగ్గరే చూడమనాలి. ఒకసారికి పాత ఆయిల్ మొత్తం రాదు కాబట్టి కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి.