కార్మిన్యానో చర్చిలో పోంతోర్మో చిత్రం, ఆ పక్కనే మా బస గోల

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో ఉఫీజీ మ్యూజియంకి మనిషికి 25 యూరోలు, ముందుగా బుక్ చేసుకుంటే ఇంకో 4. అంత పెట్టి వెళ్తే, ఫోన్లు ఎత్తి పట్టుకున్న జనం వెనక నిలబడి మా అత్తయ్యగారు బొత్తిచెల్లి చిత్రాలు సరిగ్గా చూడనే లేకపోయారు. అక్కడికి దగ్గర్లోనే, ప్రాతో జిల్లాలో ఉన్న కార్మిన్యానో ఊరి చర్చిలో మాత్రం 16వ శతాబ్దపు చిత్రకారుడు పోంతోర్మో వేసిన పెద్ద చిత్రం ఎదురుగా బెంచీ మీద తీరిగ్గా కూర్చుని, తనివితీరా చూశారు. టిక్కెట్టు లేదు, తోపులాట లేదు.

సెయింట్ మైకేల్, సెయింట్ ఫ్రాన్సిస్‌ల పేరున్న ఈ చర్చి మొదట్లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులది, తర్వాత ఊరి పారిష్ చర్చి అయింది. బయటి నుంచి చూస్తే ఆగాలనిపించనంత సాదాగా ఉంటుంది. లోపల కుడివైపున ఉన్న చిత్రం 1528–29 ప్రాంతంలో వేసింది. రెండు మీటర్ల ఎత్తు చెక్క పలక మీద తైలవర్ణాలు. గర్భవతి అయిన మరియ (యేసు తల్లి), లేక లేక కడుపు పండిన బంధువు ఎలీసబెతును చూడటానికి వచ్చిన ఘట్టం అది. బైబిల్ కథ తెలియని అత్తయ్యగారు మేము ఏమీ చెప్పకముందే, “చూడవే, ఇద్దరూ కడుపుతో ఉన్నారు. పెద్దావిడ ఆ పిల్లని ఎంత ఆదరంగా పట్టుకుందో” అని మా ఆవిడతో అన్నారు. పొట్టలు ఒకదానికొకటి తగిలేంత దగ్గరగా నిలబడతారు వాళ్లిద్దరూ. వెనక ఒక ముసలామె, ఒక చిన్నామె మాత్రం వాళ్లను కాకుండా సూటిగా మనల్నే చూస్తుంటారు. ఆ చూపులు తప్పించుకోలేం. ఆకుపచ్చ, గులాబి, నారింజ రంగుల బట్టలైతే నిన్న వేసినట్టున్నాయి.

ఎడమవైపు వీధిలో గోడ పక్కన చీమలంత మనుషులు కూర్చుని ఉంటారు. అక్కడే మూల నుంచి తొంగిచూసే గాడిద తల ఒకటుంది. మురికి కింద కప్పబడిపోయిన ఆ తల 2014లో ముగిసిన మరమ్మతుల్లోనే బయటపడింది. మరీ దగ్గరికి వెళ్తే తప్ప కనిపించదు. ఆ కాలంలోనే చిత్రకారుల జీవితాలు రాసిన వసారి ఈ చిత్రం ఊసే ఎత్తలేదు. ఇక్కడ చూశాక అది నాకు అన్యాయంగానే అనిపించింది. 1995లో అమెరికన్ వీడియో కళాకారుడు బిల్ వయోలా దీన్ని ఆధారం చేసుకుని ఒక వీడియో తీశాడు. కొన్ని సెకన్ల పలకరింపును పది నిమిషాలకు సాగదీశాడందులో.

ఇక బస. ఊరి బయట తోటల మధ్య గది, రాత్రికి 95 యూరోలన్నారు. బయల్దేరే రోజు బిల్లులో శుభ్రం చేసినందుకు 35, హీటర్‌కి మీటరు చూసి 28 కలిపారు. బుకింగ్‌లో ఆ మాటే లేదు. అడిగితే యజమాని, “ఇక్కడ అందరూ ఇంతే” అని కార్డు మెషిన్ ముందుకు తోశాడు. అత్తయ్యగారు హీటరు తగ్గించమని చెప్పి, చలికి శాలువా కప్పుకుని పడుకున్నా 28 యూరోలు! మా ఆవిడ కారు ఎక్కేదాకా నాతో మాట్లాడలేదు.

భోజనం మాత్రం బాగుంది. నల్ల కేల్ ఆకుకూర, బీన్స్, పాత రొట్టె వేసి వండే రిబొల్లితా అనే చిక్కటి సూప్ 10 యూరోలు. మాంసం రసం పోశారా అని అడిగి మరీ తీసుకోండి. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరు, కంగారు పడకండి. ఎండబెట్టిన అంజూర పళ్లు ఆ ఊరి ప్రత్యేకత, కొని తెచ్చుకోండి. 1716లోనే మెడిచీ పాలకుడు కోసిమో III హద్దులు గీసి కాపాడిన వైన్ ప్రాంతం ఇది. తాగేవాళ్లకు ఆ ముచ్చటా తీరుతుంది.

బస ఫ్లోరెన్స్‌లోనో, ప్రాతోలోనో పెట్టుకుని పొద్దున్నే రండి. మధ్యాహ్నం చర్చి మూసి ఉండొచ్చు, ఆదివారం ప్రార్థన వేళ లోపల తిరగడం బాగోదు. ఈ చిత్రాన్ని అప్పుడప్పుడు ప్రదర్శనలకు పంపుతుంటారు, 2018లో న్యూయార్క్ దాకా వెళ్లొచ్చింది. అందుకని బయల్దేరేముందు ఫోన్ చేసి, అక్కడే ఉందో లేదో కనుక్కోండి. చలికాలమైతే హీటరు ఛార్జీ ఎంతో రాతపూర్వకంగా అడిగాకే గది తీసుకోండి.