ఓల్డ్ వార్డెన్ సాయంత్రం, డక్స్‌ఫర్డ్ మధ్యాహ్నం: ఇంగ్లండ్‌లో పాత విమానాల వెంట

ఇంగ్లండ్‌లో పాత విమానాలు ఎగురుతుంటే చూడాలనుకునే మనవాళ్లు ముందు అడిగేది కేంబ్రిడ్జ్ దగ్గరి ఎయిర్‌ఫీల్డ్ మ్యూజియం డక్స్‌ఫర్డ్ గురించే. పేరు పెద్దది, లండన్‌కి మరీ దూరం కాదు, రెండో ప్రపంచయుద్ధం నాటి స్పిట్‌ఫైర్ ఫైటర్లకు కొదవ లేదు. అయినా మీకు ఉన్నది ఒక్కరోజే అయితే, చేతిలో కెమెరా కూడా ఉంటే, నా ఓటు ఓల్డ్ వార్డెన్‌కే. అదీ వేసవి సాయంత్రాల్లో పెట్టే షోకి.

ఓల్డ్ వార్డెన్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో చిన్న పల్లె. పాత విమానాల మ్యూజియం షటిల్‌వర్త్ కలెక్షన్ ఉన్నది అక్కడే. రిచర్డ్ షటిల్‌వర్త్ అనే కలవారి అబ్బాయికి పాత కార్లన్నా పాత విమానాలన్నా పిచ్చి. మూలన పడి తుప్పు పట్టేవాటిని తెచ్చి, బాగుచేసి నడిపేవాడు. 1940 ఆగస్టులో ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా విమానం కూలి, 31 ఏళ్లకే పోయాడు. కొడుకు పేరు నిలబెట్టడానికి తల్లి 1944లో ట్రస్టు పెట్టింది. ఆ పిచ్చి ఇవాళ్టికీ నడుస్తోంది. ఇక్కడి పద్ధతి ఒక్కటే: విమానం ఎగరాలి. తాడు కట్టి, బోర్డు పెట్టి చూపించేది ఉన్నా, అసలు సరదా మాత్రం గడ్డి రన్‌వే మీదే.

1909 నాటి బ్లెరియో అనే విమానం ఉంది. ఇప్పటికీ గాల్లోకి లేచే విమానాల్లో ప్రపంచంలోనే అతి పాతవాటిలో ఒకటి. లేవడమంటే పెద్దగా ఏమీ కాదు, గడ్డి మీద పరుగెత్తి, మనిషెత్తు కాస్త దాటి, తిన్నగా పోయి దిగిపోతుంది. దాన్ని బయటికి తీయాలంటే గాలి దాదాపు ఆగిపోవాలి. అందుకే సాయంత్రం షో అంటున్నాను. ఆకు కదలని సాయంత్రాల్లోనే ఈ ముసలివాటిని తోసుకుంటూ బయటికి తెస్తారు. గాలి ఉంటే ఆ రోజు అవి షెడ్డులోనే ఉంటాయి, మీ అదృష్టం అంతే. టికెట్ కొనేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, వాతావరణం ఎవరి చేతిలోనూ లేదు కదా.

మా బావమరిది హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. బ్లెరియోని చూసి, "బావా, ఇది నిజంగా లేస్తుందంటావా, లేక ఫొటోలకే పెట్టారా?" అన్నాడు. ఆ రోజు లేచింది. వాడు వీడియో తీయడం కూడా మర్చిపోయాడు.

దగ్గరగా చూడాల్సింది మాత్రం అవ్రో 504కె అనే విమానం ఇంజన్ స్టార్ట్ చేయడం. మొదటి ప్రపంచయుద్ధం నాటి రోటరీ ఇంజన్ అది. ప్రొపెల్లర్‌తో పాటు ఇంజన్ మొత్తం గిరగిరా తిరుగుతుంది, సిలిండర్లతో సహా. కారులో లాగా యాక్సిలరేటర్ నొక్కి తగ్గించి పెంచే వీలు అంతగా ఉండదు. దిగేటప్పుడు పైలట్ బటన్ నొక్కి స్పార్క్ ఆపుతూ, వదులుతూ ఉంటాడు. ఆ బర్, బర్ చప్పుడు అందుకే. బ్రేకులు లేవు కాబట్టి మనుషులు రెక్కల చివర్లు పట్టుకుని నడుస్తారు. ఇక వాసన. ఆ ఇంజన్లకు పోసేది ఆముదం. పెట్రోలుతో కలవదు కాబట్టి అప్పట్లో అదే వాడేవారు, ఇప్పటికీ అదే. వాడిన నూనె మళ్లీ ట్యాంకులోకి రాదు, కాలీ కాలకా బయటికి చిమ్ముతుంది. విమానం పొట్ట కింద జిడ్డు, గాల్లో కాలిన ఆముదం కంపు. చిన్నప్పుడు కడుపు శుభ్రం కావాలని బలవంతంగా తాగించిన వాళ్లెవరైనా వాసన పట్టగానే ముఖం చిట్లిస్తారు. మా వాడు చిట్లించాడు.

ఇంకో రెండు మన దారిలో తగిలినవి. హాకర్ హింద్ అనే బైప్లేన్ (కింద ఒకటి, పైన ఒకటి రెండు వరసల రెక్కలున్నది) అఫ్గానిస్తాన్ ఎయిర్‌ఫోర్స్‌ది. 1970లో కాబూల్ నుంచి రోడ్డు మీదుగా ఇంగ్లండ్‌కి తెచ్చి, ఏళ్ల తరబడి బాగుచేశారు. ఎర్రటి కామెట్ రేసర్ ఉంది, 1934లో ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వరకు జరిగిన పందెంలో గెలిచింది. 71 గంటల్లోపే చేరింది, మధ్యలో అలహాబాద్‌లో దిగి మరీ. అది ఎగిరే రోజు దొరికితే మాత్రం వదలకండి.

ఫొటోల సంగతికొస్తే, ఇక్కడ జనం నిలబడే గీత తిన్నగా ఉండదు, ఒకచోట మలుపు తిరుగుతుంది. దాంతో విమానం మన ముందు ఒంపు తీసుకుంటూ రెక్కల పైభాగం చూపించి పోతుంది. మామూలు షోల్లో పొట్ట తప్ప కనపడదు. పైగా సాయంత్రానికి సూర్యుడు మన వీపు వైపు వస్తాడు, జూన్‌లో తొమ్మిది దాటేదాకా అస్తమించడు. 300 ఎంఎం లెన్స్ చాలు, బరువు లెన్సులు మోసుకెళ్లి భుజాలు పడగొట్టుకోకండి. షట్టర్ స్పీడు మాత్రం తగ్గించాలి. జెట్లకు 1/1000 పైన పెట్టొచ్చు కానీ, ప్రొపెల్లర్ విమానానికి అలా పెడితే ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు కనిపిస్తుంది, ఇంజన్ చెడి పడిపోతున్నట్టు ఉంటుంది ఫొటో. 1/125, 1/160 దగ్గర పెట్టి, పాదాలు కదపకుండా నడుము తిప్పుతూ విమానంతో పాటు పోవాలి. తీసినవాటిలో సగానికి పైగా చెడిపోతాయి, టెన్షన్ పడక్కర్లేదు, అందరికీ అంతే.

తిండి గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. కేఫ్ ఉంది, కేకులు బాగుంటాయి, శాకాహారులకు మాత్రం ఒకటి రెండు రకాలే. ఇంగ్లీషువాళ్లే మడత కుర్చీలు, బుట్టలు మోసుకొచ్చి గడ్డి మీద పిక్నిక్ పెట్టుకుంటారు. మనం పులిహోర డబ్బా తీస్తే ఎవరూ వింతగా చూడరు. పక్క కుటుంబం రుచి అడిగింది కూడా.

అసలు ఇబ్బంది రాత్రి తిరుగు ప్రయాణం. దగ్గరి రైల్వే స్టేషన్ బిగిల్స్‌వేడ్. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి నేరుగా రైలు ఉంది, కానీ స్టేషన్ నుంచి ఎయిర్‌ఫీల్డ్‌కి ట్యాక్సీ తప్పదు. షో అయ్యాక ఆ పల్లెలో ట్యాక్సీ దొరకడం కష్టం. వెళ్లేటప్పుడే తిరుగు ట్యాక్సీ మాట్లాడుకుని, డ్రైవర్ నంబర్ తీసుకోండి. మేం మొదట ఆ ఊళ్లోనే ఒక పబ్ పైగదిలో దిగాం. మంచం బాగుంది, పొద్దున టిఫిన్ దండిగా పెట్టారు, కానీ కింద పాటలు ఆగేసరికి అర్ధరాత్రి. ఇంకోసారి హైవే పక్క లాడ్జి. చవక, శుభ్రం, కిటికీ తెరిస్తే లారీలు. ఈ రెండింటికన్నా స్టీవెనేజ్ నయం. చూడ్డానికి ఏమీ లేని ఊరు, అందుకే గదులు ధర తక్కువ. అదే రైలు దారిలో ఉంది, కారుంటే డక్స్‌ఫర్డ్‌కి కూడా అక్కడి నుంచే పోయి రావచ్చు. కేంబ్రిడ్జ్‌లో ఉంటే బాగుంటుందనిపిస్తుంది గానీ వేసవిలో అక్కడి గది అద్దెకు స్టీవెనేజ్‌లో రెండు రాత్రులు గడుస్తాయి.

డక్స్‌ఫర్డ్‌ని తక్కువ చేయడం లేదు. స్పిట్‌ఫైర్ మొట్టమొదట చేరిన స్క్వాడ్రన్ (ఎయిర్‌ఫోర్స్ దళం) 1938లో ఇక్కడే ఉంది. ఇప్పుడు ఇంపీరియల్ వార్ మ్యూజియం చూసుకుంటోంది. లోపల ధ్వనికన్నా వేగంగా పోయిన ప్రయాణికుల విమానం కాంకార్డ్ ఎక్కి నడవొచ్చు. నార్మన్ ఫోస్టర్ కట్టిన అమెరికన్ హాలులో బి-52 అనే భారీ బాంబర్ రెక్కల కింద మిగతా విమానాలు పేర్చి ఉంటాయి. నాకు నచ్చింది మరమ్మతులు జరిగే హ్యాంగర్, అంటే విమానాల షెడ్డు. రేకులు ఊడదీసిన స్పిట్‌ఫైర్ పక్కన మెకానిక్కులు టీ తాగుతూ ఉంటారు, రివెట్లు కొట్టే చప్పుడు వినపడుతూ ఉంటుంది. ఎన్3200 అనే స్పిట్‌ఫైర్ కథ అక్కడే విన్నాను. 1940 మేలో, డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యాన్ని తరలిస్తున్న రోజుల్లో, ఫ్రాన్స్ తీరంలో ఇసుకలో దిగింది. పైలట్ బందీగా చిక్కాడు, విమానాన్ని ఇసుక మింగేసింది. 1986లో తవ్వి తీసి, 2014లో మళ్లీ ఎగరేశారు. ఇప్పుడది మ్యూజియానిదే.

కానీ ఎయిర్‌షో రోజున ఫొటో తీసేవాడికి డక్స్‌ఫర్డ్ పరీక్షే. జనం రన్‌వేకి ఉత్తరాన ఉంటారు, అంటే సూర్యుడికి ఎదురుగా చూస్తూ. మధ్యాహ్నమంతా విమానాలు నల్ల నీడల్లా కనపడతాయి. సూర్యుడు పడమటికి జరిగేసరికి షో అయిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే పర్వాలేదు, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచి తీయండి. 2015లో షోరమ్ అనే ఊరి ఎయిర్‌షోలో హంటర్ అనే పాత జెట్ రోడ్డు మీద కూలి 11 మంది చనిపోయాక బ్రిటన్‌లో షోల నిబంధనలు బిగించారు. విమానాలు జనానికి దూరంగా ఎగరాల్సి వచ్చింది. మంచిదే, కాకపోతే ఇక్కడ పొడుగు లెన్స్ లేకపోతే పని కాదు. ఇంకొకటి, షో రోజు పార్కింగ్ నుంచి బయటపడటానికి గంట పైనే పట్టొచ్చు. పిల్లలకు బిస్కెట్లు, నీళ్లు కారులో ఉంచండి. షో లేని మామూలు రోజున వెళ్తే ఇవేవీ ఉండవు, హ్యాంగర్లు తీరిగ్గా చూడొచ్చు, పైన ఏదో ఒక టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానం డబ్బులిచ్చినవాళ్లను ఎక్కించుకుని తిరుగుతూనే ఉంటుంది. నన్నడిగితే డక్స్‌ఫర్డ్‌కి అలాంటి రోజే మంచిది.

మూడోది హెండన్, లండన్‌లోనే ఉన్న ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్) మ్యూజియం. ఇక్కడ ఏదీ ఎగరదు, ప్రవేశం ఉచితం. అయినా హైదరాబాదీలు వదలకూడని విమానం ఒకటి ఉంది. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచయుద్ధంలో ఒక స్క్వాడ్రన్‌కి సరిపడా డీహెచ్.9ఏ బాంబర్లకు డబ్బిచ్చాడు. అందుకే 110వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఆ విమానాల మీద నిజాం కానుక అని రాసి ఉండేది. వాటిలో ఎఫ్1010 అనేది 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టారు, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది, క్రాకోవ్‌లో చాలా ఏళ్లుండి, 1977లో ఒక స్పిట్‌ఫైర్‌కి బదులుగా ఇంగ్లండ్ వచ్చింది. రెక్కలు పోతే కొత్తవి చేసి తగిలించారు. రెండో యుద్ధంలోనూ 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతోనే స్పిట్‌ఫైర్లు నడిపింది, దాని ముద్రలో ఉన్నది నిజాం తలపాగా.

హాళ్లలో వెలుతురు తక్కువ. ఐఎస్ఓ బాగా పెంచాలి, లేదా కెమెరాను రెయిలింగ్‌కి ఆనించి తీయాలి. ఎఫ్1010 ఏ హాలులో ఉందో లోపలికి వెళ్లగానే అడిగేయండి, మ్యూజియం పెద్దది, వెతుక్కుంటూ పోతే కాళ్లు పీకుతాయి. నార్తర్న్ లైన్‌లో కోలిండేల్‌లో దిగి నడిచిపోవచ్చు. కారులో వెళ్తే పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి.